బూట్ పాఠాలు – 4: మొదటి 512 బైట్లు, అవి చెప్పే మాటలు

మొన్న వానల్లో పరకాల వైపు నుంచి ఒకాయన సీపీయూను పాలిథిన్ కవర్లో చుట్టి, బైక్ వెనక కట్టుకుని హనుమకొండలో మా షాపుకు వచ్చాడు. ఎరువులు, పురుగుమందుల దుకాణం ఆయనది. స్విచ్ వేస్తే నల్లటి స్క్రీన్ మీద ఒకే ఒక్క లైను: మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్. అప్పటికే ఒకచోట చూపించాడట. "ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయాలె, లోపల ఉన్నదంతా పోతది" అన్నారట. లోపల ఉన్నది మూడేళ్ల ఉద్దెర ఖాతా. ఏ రైతు ఎన్ని బస్తాల యూరియా తీసుకుపోయాడు, పంట అమ్మాక ఎంత కట్టాడు, ఇంకా ఎంత బాకీ, అంతా అందులోనే. ఫార్మాట్‌కు ఆయనకు మనసొప్పలేదు. ఇంత దూరం తెచ్చాడు.

ఆ లైను అర్థం తెలిసిన మనిషి ఫార్మాట్ మాట ఎత్తడు. అందుకే ఈ పాఠంలో కొత్తగా నేర్చుకునేది తక్కువే అయినా నెమ్మదిగా నేర్చుకుందాం. ఆ లైనును స్క్రీన్ మీదికి పంపింది ఎవరు? ఏం చూసి పంపారు? ఏం చూడకుండానే పంపారు? ఈ మూడింటికీ మీరే జవాబు చెప్పగలిగే దాకా వెళదాం. ఆ సీపీయూ సంగతి చివర్లో చెబుతాను.

గత మూడు పాఠాల్లో ఎక్కడిదాకా వచ్చామో ఒకసారి గుర్తు చేసుకోండి. కరెంటు రాగానే ప్రాసెసర్ మదర్‌బోర్డు మీదున్న చిప్‌లోని బయోస్ ప్రోగ్రామ్‌ను నడపడం మొదలుపెడుతుంది. బయోస్ మెమరీని, డిస్‌ప్లేను, కీబోర్డును పరీక్షిస్తుంది. డిస్‌ప్లే ఇంకా పనిచేయని దశలో తేడా వస్తే చెప్పుకోవడానికి దానికి స్పీకర్ ఒక్కటే దిక్కు, అందుకే బీప్‌లు. ఏ బీప్‌కు ఏ అర్థమన్నది బయోస్ కంపెనీని బట్టి మారుతుందని కూడా చూశాం. పరీక్షలన్నీ అయ్యాక బయోస్ ఒక డిస్క్‌ను ఎంచుకుని దాని మొదటి సెక్టార్‌ను, అంటే డిస్క్‌ను విడగొట్టిన చిన్న ముక్కల్లో మొదటిదాన్ని, చదువుతుంది. ఇవాళ్టి పాఠం అక్కడ మొదలు.

మా ఊరు నర్సంపేట దగ్గర. పాకాల ఆయకట్టు. చిన్నప్పటి నుంచి గొలుసుకట్టు చెరువులు చూస్తూ పెరిగాను. పైచెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ వెంట కింది చెరువుకు వస్తాయి. అది నిండి మత్తడి దుంకితే దాని కింది చెరువుకు. కాకతీయుల కాలం నుంచి మన దగ్గర నీళ్ల లెక్క ఇదే. కింది చెరువు ఎండిపోయి ఉంటే నీరటికాయన ఆ చెరువులో గడ్డపార వేసి తవ్వడు. కట్ట మీద పైకి నడుస్తాడు. ఏ చెరువు దాకా నీళ్లు వచ్చాయి, ఏ మత్తడి దుంకలేదు అని చూస్తాడు. దుంకిన మత్తడికీ, ఎండిన చెరువుకూ మధ్యలోనే ఎక్కడో కాలువ తెగి ఉంటుంది.

కంప్యూటర్ బూట్ కావడం కూడా గొలుసుకట్టే. బయోస్ ఒక చిన్న ప్రోగ్రామ్‌ను తెస్తుంది. ఆ చిన్నది ఇంకొంచెం పెద్దదాన్ని తెస్తుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెస్తుంది. ప్రతి ఒక్కటీ తన కిందిదాన్ని మెమరీలోకి తెచ్చి, పగ్గాలు దానికి అప్పగించి తప్పుకుంటుంది. స్క్రీన్ మీద వచ్చిన చివరి మాట ఎవరిదో గుర్తుపడితే చాలు, నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. వెతకాల్సింది ఆ కిందనే.

ఆ సెక్టార్‌లో ఏముంటుంది

డిస్క్ మొదటి సెక్టార్ పరిమాణం 512 బైట్లు. దీన్ని మాస్టర్ బూట్ రికార్డ్ అంటారు. 1983లో ఐబీఎం పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన పీసీ డాస్ 2.0తో హార్డ్ డిస్క్‌లకు ఈ ఏర్పాటు వచ్చింది. మొదటి 446 బైట్లు ప్రోగ్రామ్‌వి. తర్వాతి 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌వి: ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు. పార్టిషన్ అంటే డిస్క్‌ను పంచి విడగొట్టుకున్న ఒక పెద్ద భాగం. పాత పద్ధతిలో నాలుగుకు మించి ప్రైమరీ పార్టిషన్లు చేయనివ్వకపోవడానికి కారణం ఇదే, ఐదో వరుసకు చోటు లేదు. మిగిలిన చివరి రెండు బైట్లలో హెక్స్‌లో, అంటే 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వాడే పదహార్ల లెక్కలో, 55, ఏఏ అని ఉండాలి.

ఈ రెండు బైట్లు ముద్ర లాంటివి. బయోస్ సెక్టార్‌ను చదివి చివర్లో 55 ఏఏ ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆ డిస్క్ బూట్ అయ్యేది కాదనుకుని వరుసలో తర్వాతి డిస్క్‌కు వెళుతుంది. ఒక్కటీ దొరక్కపోతే "నో బూటబుల్ డివైస్" అనో, అలాంటి అర్థం వచ్చే ఇంకో మాటో వేస్తుంది. ఆ మాట బయోస్‌ది, అంటే పైచెరువు దగ్గరే నీళ్లు ఆగాయి. డిస్క్ కేబుల్ వదులైందా, డిస్క్ అసలు తిరుగుతోందా, బూట్ వరుస మారిందా అని చూడాలి. మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగ్‌లు మొదటికి పోతాయి, బూట్ వరుస కూడా వాటితోపాటే. ఎండాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్ల నుంచి నా దగ్గరికి ఈ రకం కేసులు చాలా వస్తాయి. సీఆర్2032 బ్యాటరీ ఒకటి మార్చి, బూట్ వరుస సరిచేస్తే పని అయిపోతుంది.

55 ఏఏ కనిపిస్తే బయోస్ ఆ 512 బైట్లనూ మెమరీలో 7సీ00 అనే చిరునామా దగ్గర పెట్టి, ప్రాసెసర్‌ను అక్కడికి దూకమంటుంది. 7సీ00 అంటే మన లెక్కలో 31744. ఈ వింత అంకె ఎక్కడిదని విద్యార్థులు అడుగుతుంటారు. తొలి ఐబీఎం పీసీ రోజుల్లో డాస్‌కు కావలసిన కనీస మెమరీ 32 కేబీ, అంటే 32768 బైట్లు. అందులో చివరి నుంచి 1 కేబీ వెనక్కి వస్తే 31744. కింది మెమరీని డాస్‌కు ఖాళీగా వదలాలని బూట్ సెక్టార్‌ను వీలైనంత పైన కూర్చోబెట్టారు. 1981 నాటి నిర్ణయం. ఇవాళ 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ అయినా సరే, పాత పద్ధతిలో బూట్ అయితే అదే అంకె దగ్గరికి దూకుతుంది.

మూడు మాటలు

ఇప్పుడు పగ్గాలు మాస్టర్ బూట్ రికార్డ్‌లోని ప్రోగ్రామ్ చేతికి వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వారిది ఏం చేస్తుందో చూద్దాం, మన దగ్గర ఎక్కువగా తగిలేది అదే.

మొదట తన బైట్లను తానే మెమరీలో వేరే చోటికి కాపీ చేసుకుంటుంది. ఎందుకంటే తాను తేబోయే తర్వాతి సెక్టార్ కూడా 7సీ00 దగ్గరే కూర్చోవాలి. కొత్తవాళ్లకు చోటివ్వడానికి ముందే పక్కకు జరుగుతుందన్నమాట. తర్వాత పార్టిషన్ టేబుల్‌లోని నాలుగు వరుసల మొదటి బైట్లను చూస్తుంది. హెక్స్‌లో 80 ఉంటే అది యాక్టివ్ పార్టిషన్, అంటే బూట్ కావాల్సింది దాని నుంచే. 00 ఉంటే కాదు. ఈ రెండూ కాక ఇంకేదైనా కనిపించినా, ఒకటికి మించి 80లు ఉన్నా "ఇన్‌వ్యాలిడ్ పార్టిషన్ టేబుల్" అని వేసి ఆగిపోతుంది. ఇది మొదటి మాట.

యాక్టివ్ పార్టిషన్ దొరికితే, అది మొదలయ్యే సెక్టార్‌ను చదివిపెట్టమని బయోస్‌ను అడుగుతుంది. చదవడం కుదిరిందో లేదో బయోస్ క్యారీ ఫ్లాగ్ అనే ఒక్క బిట్‌తో చెబుతుంది. కుదరకపోతే ఆ బిట్ 1 అవుతుంది, కారణం ఒక అంకె రూపంలో ప్రాసెసర్ లోపలి చిన్న గదిలోకి, అంటే రిజిస్టర్‌లోకి, వస్తుంది. హెక్స్‌లో 04 అంటే సెక్టార్ దొరకలేదు, 10 అంటే చదివిన డేటా సరిచేయలేనంత పాడైంది, 80 అంటే డిస్క్ ఎంతకీ జవాబివ్వలేదు. మన ప్రోగ్రామ్ వెంటనే వదిలేయదు, ఐదుసార్లు ప్రయత్నిస్తుంది. ఫ్లాపీల కాలంలో మోటారు వేగం అందుకునేలోపే చదివితే మొదటిసారి తప్పడం మామూలు, అందుకే మళ్లీ మళ్లీ అడగడం అలవాటైంది. ఐదుసార్లూ తప్పితే రెండో మాట: "ఎర్రర్ లోడింగ్ ఆపరేటింగ్ సిస్టమ్." దీన్ని చూస్తే నాకు నిజంగానే టెన్షన్ వస్తుంది. డిస్క్ మీద ఆ చోటు చదవడానికి రావడం లేదంటే డిస్క్ చావుబతుకుల్లో ఉండొచ్చు. ఇక్కడ చేయాల్సిన మొదటి పని రిపేరు కాదు, డేటా కాపీ. పదే పదే ఆన్ ఆఫ్ చేయనేకూడదు.

సెక్టార్ చదవడం కుదిరింది అనుకోండి. దాని చివర కూడా 55 ఏఏ ఉందా అని చూస్తుంది. లేకపోతే మూడో మాట. అదే మన పరకాల సీపీయూ మీద వచ్చిన లైను, "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్."

ఇక్కడ ఆగండి. ఈ ప్రోగ్రామ్ విండోస్ ఫోల్డర్ ఉందా అని వెతికిందా? లేదు. ఫైళ్లను లెక్కపెట్టిందా? లేదు. దానికి ఫైల్ అంటే ఏమిటో కూడా తెలియదు. అది చూసింది రెండే రెండు బైట్లు. ఆ రెండు లేవని "ఆపరేటింగ్ సిస్టమ్ లేదు" అని ఇంత పెద్ద మాట అంది. ఇంటి ముందు నేమ్ బోర్డు ఊడిపోతే ఇంట్లో మనుషులు లేరని చెప్పినట్టు.

అంత పెద్ద మాట ఎందుకు వాడారంటే, వివరంగా చెప్పడానికి చోటు లేదు. లెక్క చూడండి. ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరానికి ఒక బైట్. ఈ మూడు మాటలకు వరుసగా 23, 30, 24 బైట్లు, మొత్తం 77. ఒక్కోదాని చివర ముగింపు గుర్తుగా ఒక సున్నా, 80. ఉన్న 446లో 80 పోతే ప్రోగ్రామ్‌కు మిగిలింది 366 బైట్లే. అందులోనే కాపీ చేసుకోవాలి, టేబుల్ చూడాలి, ఐదుసార్లు చదవాలి, ముద్ర సరిచూడాలి. బయోస్ ఇచ్చిన కారణం అంకెను ఇక చూపించకుండా పారేస్తుంది. 10 వచ్చినా 80 వచ్చినా మనకు కనిపించేది ఒకే మాట.

ఒకసారి సరదాగా "ఆపరేటింగ్ సిస్టమ్ లేదు" అన్నదాన్ని యూనికోడ్ యూటీఎఫ్-8లో లెక్కపెట్టాను. గుణింతాలు, పొల్లులు, సున్నాలు విడివిడిగా లెక్కేస్తే 20 గుర్తులు, తెలుగులో ఒక్కోదానికి 3 బైట్లు, రెండు ఖాళీలతో కలిపి 62 బైట్లు. ఇంగ్లిష్‌లో 24తో సరిపోయింది. పైగా బయోస్ అక్షరాల పట్టికలో తెలుగు లేనే లేదు. మన పిల్లలు ఈ మొదటి మెట్టు మీద ఇంగ్లిష్ చూసి బెదిరిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. స్క్రీన్ తెలుగులో చెప్పలేకపోయినా, అర్థం తెలుగులో ఉండొచ్చు.

నాలుగు వరుసల్లో ఒక్కటీ యాక్టివ్ కాకపోతే? అప్పుడు ఈ ప్రోగ్రామ్ ఏ మాటా అనదు, నిర్ణయాన్ని తిరిగి బయోస్‌కే వదిలేస్తుంది. తొలి ఐబీఎం పీసీలో అలాంటప్పుడు చిప్‌లోనే ఉన్న బేసిక్ భాష తెరుచుకునేది. ఆ బేసిక్ లేని ఇతర కంపెనీల మెషీన్లలో కొన్ని "నో రోమ్ బేసిక్, సిస్టమ్ హాల్టెడ్" అని వేసేవి. పాత మెషీన్ల మీద ఇప్పటికీ ఈ మాట తగిలితే భయపడకండి, యాక్టివ్ గుర్తు పోయిందేమో చూడండి.

అన్నీ సవ్యంగా ఉంటే పగ్గాలు పార్టిషన్ మొదటి సెక్టార్‌కు వెళతాయి. ఈ పార్టిషన్‌లో ఫైళ్లు ఎలా సర్దారో దానికి తెలుసు. అది బూట్ మేనేజర్ అనే ఫైల్‌ను వెతుకుతుంది. దొరక్కపోతే "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్" అంటుంది. విండోస్ ఎక్స్‌పీ దాకా ఇదే చోట "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" వచ్చేది. ఈ మాట వచ్చిందంటే పై రెండు చెరువులూ నిండినట్టే.

ఒక్కో అక్షరం ఒక్కో మెట్టు

ఉన్న చోటులోనే ఇంతకంటే బాగా చెప్పలేమా? చెప్పొచ్చు. లినక్స్ తొలి రోజుల్లో వాడిన లైలో అనే బూట్ లోడర్ చేసి చూపించింది. నాకు ఇప్పటికీ దాని మీద గౌరవం. దాని పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఎల్, ఐ, ఎల్, ఓ, స్క్రీన్ మీద ఒకేసారి రావు. ఒక మెట్టు ఎక్కితే ఒక అక్షరం. మొదటి ఎల్ ఒక్కటే వచ్చి పక్కన రెండంకెల కోడ్ కనిపిస్తే, మొదటి భాగం మొదలైంది కానీ రెండో భాగాన్ని డిస్క్ నుంచి తేలేకపోయింది. ఆ కోడ్ మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ పారేసిన అంకె లాంటిదే: 04 అయితే సెక్టార్ లేదు, 40 అయితే డిస్క్ తల ఆ చోటికి చేరలేదు, 80 అయితే జవాబు లేదు. ఎల్, ఐ దాకా వచ్చి ఆగితే రెండో భాగం మెమరీలోకి వచ్చింది కానీ నడవలేకపోయింది. మూడు అక్షరాల దగ్గర ఆగితే రెండో భాగం నడుస్తోంది కానీ తనకు కావలసిన పట్టికను చదవలేకపోయింది. నాలుగూ వస్తే అంతా బాగుంది. విడిగా మెసేజ్‌లే అక్కర్లేకుండా పేరే కొలబద్ద అయింది, చెరువు తూము దగ్గర రాతి మీద గీసిన నీటిమట్టం గీతల్లాగా.

లైలోకు ఒక పెద్ద లోపం ఉండేది. దానికి ఫైల్ పేర్లు తెలియవు. లినక్స్ ప్రధాన ప్రోగ్రామ్ అయిన కెర్నల్ డిస్క్ మీద ఏ సెక్టార్లలో ఉందో ముందే రాసిపెట్టుకునేది. కెర్నల్ మార్చి లైలో కమాండ్ మళ్లీ నడపడం మర్చిపోతే పాత చోటికే వెళ్లి దెబ్బతినేది. తర్వాత వచ్చిన గ్రబ్ ఫైళ్లను తానే చదవగలదు. దానికి మొదటి సెక్టార్ చాలదు కాబట్టి, ఆ సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఉన్న ఖాళీలో తన ప్రధాన భాగాన్ని దాచుకుంటుంది. పాత డిస్క్‌లలో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర, ఇప్పటివాటిలో 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, అందుకే ఆ ఖాళీ ఉంటుంది.

ఇంజినీరింగ్ పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చేది ఈ గ్రబ్ సమస్యే. విండోస్ పక్కన ఉబుంటు వేసుకుంటారు. సెమిస్టర్ అయ్యాక చోటు చాలడం లేదని విండోస్‌లోంచి ఉబుంటు పార్టిషన్‌ను డిలీట్ చేస్తారు. రీస్టార్ట్ చేస్తే "ఎర్రర్: నో సచ్ పార్టిషన్", కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఒక ప్రాంప్ట్. కట్ట మీద నడిచి చూడండి. మాట్లాడుతున్నది గ్రబ్. అంటే మొదటి సెక్టార్, ఖాళీలోని భాగం రెండూ బాగున్నాయి. మిగతా ఫైళ్లున్న పార్టిషన్‌నే పిల్లవాడు తీసేశాడు. విండోస్ పార్టిషన్ ఎక్కడికీ పోలేదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ కమాండ్‌ను ఫిక్స్‌ఎంబీఆర్ ఆప్షన్‌తో ఇస్తే అది మొదటి సెక్టార్‌లోని ప్రోగ్రామ్‌ను మాత్రం మళ్లీ రాస్తుంది, పార్టిషన్ టేబుల్‌ను ముట్టుకోదు. ఇది పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యే మెషీన్లకే. పాత బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉన్న మెషీన్ల దారి వేరు, దాని గురించి ఐదో పాఠం.

పరకాల సీపీయూ

ఇప్పుడు ఆ ఉద్దెర ఖాతా. మెషీన్‌లో విండోస్ 7. మాట్లాడుతున్నది మాస్టర్ బూట్ రికార్డ్. డిస్క్ చదవడానికి వస్తోంది, లేకపోతే రెండో మాట వచ్చేది. పార్టిషన్ టేబుల్ సరిగ్గా ఉంది, లేకపోతే మొదటి మాట వచ్చేది. మూడో మాట వచ్చింది కాబట్టి యాక్టివ్ పార్టిషన్ మొదటి సెక్టార్‌లో ముద్ర లేదు, అంతే. విండోస్ 7 ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మామూలుగా 100 ఎంబీల చిన్న పార్టిషన్ ఒకటి విడిగా చేసుకుని బూట్ ఫైళ్లను అందులో పెడుతుంది. యాక్టివ్ గుర్తు దానిదే. అంటే ఆ మాట ఆ 100 ఎంబీల గురించి. ఆయన ఖాతాలున్న పార్టిషన్‌ను ఇంకా ఎవరూ చూడనేలేదు.

లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ముందు ఆ ఖాతా ఫోల్డర్‌ను ఇంకో డిస్క్‌కు కాపీ చేశాను. ఫైల్ పేర్లు కనిపించగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ చిన్న పార్టిషన్‌ను చూశాను. ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్లకు బూట్ సెక్టార్ నకలు ఒకటి చివరి సెక్టార్‌లో ఉంటుంది. మొదటిది పాడైంది, నకలు బాగుంది. నకలును మొదటి చోటికి రాయించాను. రీస్టార్ట్ చేస్తే విండోస్ వచ్చింది.

మీరు చేయాల్సిన పని

అసలు డిస్క్ మీద ఈ ప్రయోగం చేయొద్దు. క్యూఎమ్యు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి, అది మీ మెషీన్‌లోనే ఒక ఉత్తుత్తి మెషీన్‌ను నడుపుతుంది. ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో సరిగ్గా 512 బైట్ల ఫైల్ చేయండి, అన్నీ సున్నాలే. మొదటి 12 బైట్లలో ఇవి వరుసగా రాయండి: బీ4 0ఈ బీ0 57 సీడీ 10 బీ0 4సీ సీడీ 10 ఈబీ ఎఫ్ఈ. చివరి రెండు బైట్లలో 55 ఏఏ. ఆ క్రమం తిరగబడకూడదు.

బీ4 0ఈ అంటే "ఒక అక్షరం చూపించే పని" అని చెప్పడం. బీ0 తర్వాతిది అక్షరం: 57 అంటే ఇంగ్లిష్ డబ్ల్యూ, 4సీ అంటే ఎల్. సీడీ 10 బయోస్‌ను పిలవడం. ఈబీ ఎఫ్ఈ అంటే ఉన్నచోటే తిరుగుతూ ఉండమని. ఈ ఫైల్‌ను రా ఫార్మాట్ హార్డ్ డిస్క్‌గా ఇచ్చి క్యూఎమ్యును నడిపితే స్క్రీన్ మీద వరంగల్ రైల్వే స్టేషన్ కోడ్, డబ్ల్యూ ఎల్, కనిపించాలి. మీరు రాసిన మొదటి బూట్ లోడర్ అది.

ఇప్పుడు రెండు మార్పులు, ఒక్కోసారి ఒక్కటే చేయండి. మొదటిది, చివరి ఏఏ బదులు 00 పెట్టి నడపండి. వచ్చిన మాటను నోట్‌బుక్‌లో రాసి, అది మీ ప్రోగ్రామ్ అన్నదా బయోస్ అన్నదా పక్కనే రాయండి. రెండోది, ఏఏను మళ్లీ పెట్టేసి, ఏడు, ఎనిమిది బైట్ల చోట, అంటే రెండో బీ0 4సీ ఉన్న చోట, ఈబీ ఎఫ్ఈ రాసి నడపండి. ఈసారి డబ్ల్యూ వస్తుంది, ఎల్ రాదు. ఆ ఒంటరి డబ్ల్యూని చూసి, మీ 12 బైట్లలో ఎన్ని నడిచాయో, ఎక్కడ ఆగిపోయిందో లెక్కపెట్టి రాయండి. ఐదో పాఠం ఆ లెక్కతోనే మొదలుపెడతాను.